సైన్స్ కార్యకర్తకు బడిలో చోటెక్కడ?

జాతీయ సైన్స్ దినోత్సవం సందడి ముగిసింది. జిల్లా పేజీల్లో వార్తలన్నీ ఒకే మూసలో వచ్చాయి. ఎన్ని నమూనాలు పెట్టారు, రిబ్బను ఎవరు కత్తిరించారు, మొదటి బహుమతి ఏ బడికి దక్కింది. చిట్టచివర ‘స్వచ్ఛంద కార్యకర్తలు సహకరించారు’ అని ఒక ముక్క. ఏం సహకరించారు, ఎన్నాళ్లు చేశారు, ఏ అధికారంతో బడి గడప దాటారు అన్నది ఒక్క వార్తలోనూ లేదు. ఎవరైనా చర్చకు దిగినా రెండే వాదనలు వినిపిస్తాయి. మంచి మనసుతో చేస్తున్నారు కాబట్టి మెచ్చుకోవాలన్నది ఒకటి. వీళ్లు వస్తే ప్రభుత్వం చేతులు దులిపేసుకుంటుందన్నది రెండోది. రెండూ చట్టం పుస్తకం తెరవకుండా చేస్తున్న వాదనలే.

చట్టంలోకి వెళ్లేముందు, ఆ ‘సహకారం’ ఎలా ఉంటుందో నేను దగ్గరుండి చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ప్రభుత్వోన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న: ‘మా బోరు నీళ్లకి సబ్బు నురగ రాదేం?’ పక్క ఊళ్లో మోటార్లు బాగుచేసుకుంటూ, ఆదివారాలు పిల్లలతో గడిపే ఒక బీఎస్సీ కుర్రాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ‘రావట్లేదని ఎట్లా తెలుసు? ఎంత తక్కువ వస్తోంది?’ అని తిరిగి అడిగాడు. ఒకే కొలత సీసాలు మూడు తెచ్చారు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో చెరువు నీళ్లు, ఇంకోదాంట్లో క్యాను నీళ్లు. సబ్బు నీళ్లు చుక్కచుక్కగా వేసి ఊపుతూ, నురగ అర నిమిషం నిలిచేదాకా లెక్కపెట్టారు. బోరు నీళ్లకి మొదటిరోజు 38 చుక్కలు పట్టాయి, రెండోరోజు 52. లెక్క కుదరలేదు. ఎక్కడ తేడా వచ్చిందో వెతకడానికి వారం పట్టింది. మొదటిరోజు సీసా ఊపింది ఆ అమ్మాయి, రెండోరోజు ఆమె తమ్ముడు! ఎవరు ఊపినా పదిసార్లే, ఒకే ఎత్తున ఊపాలని ఆ అమ్మాయే నియమం పెట్టుకుంది. ‘తమ్ముడు మెల్లగా ఊపాడు’ అని నోటుబుక్కులో రాసుకుంది. సైన్స్ అంటే ఆ వాక్యమే.

సైన్స్ ప్రదర్శనలో ఆమె బల్ల మీద మూడు సీసాలు, ఒక నోటుబుక్కు. న్యాయనిర్ణేతలు అర నిమిషం కూడా ఆగలేదు. బహుమతి సిరంజిలతో చేసిన జేసీబీకి వెళ్లింది. ఆ జేసీబీలో పాస్కల్ సూత్రం ఉంది, దాన్ని చేసిన పిల్లల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నోటుబుక్కు ఎవరూ తెరవలేదన్నదే నా బాధ. ఆ నోటుబుక్కు వెనక మూడు నెలల ఆదివారాలున్నాయి.

ఇక చట్టం. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, జిజ్ఞాసను, సంస్కరణ స్ఫూర్తిని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) చెబుతోంది. 1976 నాటి 42వ సవరణ ద్వారా చేరి, 1977 జనవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ఇది. ప్రాథమిక విధులను కోర్టు ద్వారా నేరుగా అమలు చేయించలేం కాబట్టి ఇది నీతివాక్యం మాత్రమేనని చాలామంది అక్కడితో వదిలేస్తారు. 2001లో ఎయిమ్స్ విద్యార్థి సంఘం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది చదివినవాళ్లు అలా వదిలేయలేరు. ఆ కేసు వైద్య పీజీ సీట్లకు సంబంధించింది, సైన్స్ ప్రచారానికి కాదు. కానీ ప్రాథమిక విధుల గురించి ధర్మాసనం ఒక సూత్రం చెప్పింది. 51ఎ రాజ్యం మీద నేరుగా ఏ విధినీ మోపకపోయినా, పౌరులందరూ కలిస్తేనే రాజ్యం కాబట్టి, ప్రతి పౌరుడి విధీ రాజ్యం ఉమ్మడి విధే అవుతుందని.

దీన్ని మన విషయానికి అన్వయిస్తే పైన చెప్పిన రెండు వాదనలూ నిలవవని నా అభిప్రాయం. ఆదివారం బడికి వెళ్లి పిల్లలతో చుక్కలు లెక్కపెట్టించే కుర్రాడు ప్రభుత్వానికి ఉపకారం చేయడం లేదు, తన విధి తాను చేస్తున్నాడు. అదే విధి ప్రభుత్వం మీదా ఉంది కాబట్టి అతణ్ని చూపించి ప్రభుత్వం తప్పుకోవడానికీ వీల్లేదు. అతను వచ్చినంత మాత్రాన ఖాళీగా ఉన్న ఫిజికల్ సైన్స్ పోస్టు భర్తీ అయినట్టు కాదు. ఒకరి విధి ఇంకొకరి విధిని రద్దు చేయదు.

విద్యాహక్కు చట్టం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం రూపొందించేటప్పుడు కృత్యాలు, అన్వేషణ, పరిశోధన ద్వారా నేర్చుకోవడాన్ని పరిగణనలోకి తీసుకోవాలని సెక్షన్ 29(2)లో ఉంది. కానీ నేను అందరి దృష్టికీ తేవాలనుకుంటున్నది ఎవరూ పట్టించుకోని సెక్షన్లు 21, 22. ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగంమంది మహిళలు ఉండాలి. ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. ఇది మార్గదర్శకం కాదు, చట్టంలోని మాట. ప్రణాళికల్లో ప్రహరీగోడ రాస్తారు, మరుగుదొడ్లు రాస్తారు. రాయాల్సిందే. వాటి పక్కన ‘వారానికి రెండు గంటలు సైన్స్ కార్యకర్తలతో ప్రయోగాలు, సామగ్రికి ఇంత ఖర్చు’ అని ఒక వాక్యం రాస్తే, ఆ కార్యకర్త హెచ్ఎం దయ మీద ఆధారపడాల్సిన పని లేదు. తొమ్మిది, పది తరగతులు ఈ చట్టం పరిధిలోకి రావు, నిజమే. బడి ఒకటే అయినప్పుడు ఆ రెండు గంటల్లో పెద్ద పిల్లలను కూర్చోబెట్టొద్దని ఏ చట్టమూ చెప్పదు.

అనుమతి ఒకరి దయ మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి హోషంగాబాద్ చాలు. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 బడుల్లో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమం మన దేశంలో స్వచ్ఛంద కృషితో సాగిన అతి పెద్ద ప్రయోగాల్లో ఒకటి. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు దాన్ని మొదలుపెట్టాయి, 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ కొనసాగించింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రవేత్తలు సొంత తీరిక వెచ్చించి పల్లెటూరి టీచర్ల పక్కన కూర్చున్నారు. అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి బొమ్మలు చేయడం, బొమ్మలతో సైన్స్ నేర్పే అరవింద్ గుప్తాకు తట్టింది అక్కడే. పిల్లలు పుస్తకం పక్కన పెట్టుకునే పరీక్ష రాశారు, ప్రయోగం చేసి మార్కులు తెచ్చుకున్నారు. సందేహాలుంటే ‘సవాలీరామ్’ అనే కల్పిత మిత్రుడికి ఉత్తరాలు రాశారు, జవాబులు అందుకున్నారు. పదిహేను జిల్లాల్లో వెయ్యికి పైగా బడులకు పాకిన ఆ కృషి 2002లో ప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. ముప్పై ఏళ్ల పని! కార్యనిర్వాహక అనుమతితో మొదలైంది, కార్యనిర్వాహక నిర్ణయంతో ముగిసింది. అప్పటికి విద్యాహక్కు చట్టం లేదు. ఈనాడు ఉంది. దాని అండ తీసుకోకపోవడం మన తప్పు.

మనకు మనుషుల కొరత లేదు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ‘చెకుముకి’ పత్రిక చేతబట్టి ఊళ్లు తిరుగుతున్నారు. కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ ప్రయోగశాలను బండిలో పెట్టుకుని బడుల ముంగిటికి తీసుకెళ్లింది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో నమూనాల పోటీ లేదు. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు తమ ఊరి సమస్య మీద పని చేసి, రోజువారీ నోటుబుక్కుతో రావాలి. బడి మానేసిన పిల్లలకూ అందులో చోటుంది. అలాంటి పిల్లవాణ్ని వెతికి పట్టుకుని తీసుకొచ్చేది ఎవరు? ఊళ్లో ఉన్న కార్యకర్తే.

అభ్యంతరం ఒకటి నిజంగా బరువైనది. బడి తలుపు తెరిస్తే సైన్స్ పేరుతో ఎవరైనా వస్తారు కదా? గ్రహబలాన్ని నమ్మించేవాళ్లూ వస్తారు, కోచింగ్ సెంటర్ ప్రచారానికీ వస్తారు. తలుపు మూయడం దీనికి జవాబు కాదని నా వాదన. కార్యకర్తకు విధి అప్పగిస్తున్న 51ఎ(హెచ్) అతనికి హద్దూ గీస్తోంది. జిజ్ఞాసను చంపేవాడు ఆ నిబంధన కింద లోపలికి రాలేడు. అమ్ముకోవడానికి వచ్చినవాడూ రాలేడు. ఈ కొలబద్దతో ఎంపిక చేసే పని యాజమాన్య కమిటీది. జిల్లా కేంద్రంలో కూర్చున్న అధికారి కన్నా ఎవరు ఎలాంటివాళ్లో ఊరివాళ్లకు బాగా తెలుసు. బడుల్లో స్వచ్ఛంద సేవ కోసం ఉద్దేశించిన ‘విద్యాంజలి’ని కేంద్రం 2021లో కొత్త రూపంలో పోర్టల్‌గా తెచ్చింది, ఆసక్తి ఉన్నవాళ్లు అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. నమోదు మంచిదే. కానీ పోర్టల్‌లో పేరుండటం వేరు, అభివృద్ధి ప్రణాళికలో వాక్యం ఉండటం వేరు. రెండో దానికి మాత్రమే నిధి వెంట వస్తుంది.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ చేయాల్సింది కొత్త పథకం కాదు, ఒక స్పష్టమైన ఉత్తర్వు. ప్రణాళికలో సైన్స్ కార్యకర్తల గంటలకు ప్రత్యేకంగా ఒక పద్దు పెట్టాలి. ప్రదర్శనల్లో నోటుబుక్కు చదవకుండా మార్కు వేయకూడదని రాయాలి. ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా, చట్టం ఇప్పటికే ఉంది. ఆ బోరు నీళ్ల అమ్మాయి తల్లి వాళ్ల బడి కమిటీలో సభ్యురాలు. ఆ వాక్యం ప్రణాళికలో రాయించే అధికారం ఆమెకుంది. కమిటీ సమావేశంలో సంతకం పెట్టమని ఆమెకు కాగితం ఇచ్చారు గానీ, అందులో ఏం రాయాలో చెప్పే హక్కు నీదేనమ్మా అని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.