చరవాణుల పోటీ – మన రెండు లిపులు

నేటి విద్యార్థి జీవితంలో చరవాణి స్థానం పుస్తకానికి తీసిపోనిది. పాఠం, పరీక్షల ప్రకటన, ఉపకార వేతనపు దరఖాస్తు, మిత్రుల క్షేమ సమాచారం, అన్నీ అరచేతిలోని ఆ చిన్న పలక ద్వారానే చేరుతున్నవి. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠశాల పాఠాలు ఆరంభమైన నాటి నుండి, ఫోన్ విలాస వస్తువనే మాటకు కాలం చెల్లింది. అయినను దానిని ఎన్నుకొనే పద్ధతి మాత్రం మనలో ఇంకా విలాసపు పద్ధతిగానే మిగిలి ఉన్నది. “ఐఫోన్ గొప్పదా, సామ్‌సంగ్ గొప్పదా?” అనే వాదం కళాశాల వరండాలలో వినిపించినంతగా, “ఇందులో మన భాష ఎంత చక్కగా నిలుస్తుంది?” అనే ప్రశ్న వినిపించదు. మొదట అడగవలసినది ఈ రెండవ ప్రశ్నయే అని నా అభిప్రాయం.

నిజానికి పోటీ రెండు ఫోన్ల మధ్య కాదు, రెండు పరివారాల మధ్య. ఆపిల్ సంస్థ ఫోన్‌ను, దానిని నడిపించే ఐఓఎస్‌ను, అనువర్తనాల అంగడిని తన చేతిలోనే ఉంచుకొన్నది. గడియారం, ట్యాబ్, చెవిలో పెట్టుకొనే శ్రవణ యంత్రం అన్నీ ఒకే ఇంటి బిడ్డలు. గూగుల్ వారి ఆండ్రాయిడ్ మార్గం వేరు. దానిని సామ్‌సంగ్, షావోమీ, వివో వంటి అనేక సంస్థలు స్వీకరించి, తమ తమ మార్పులతో, తమ తమ ధరలతో అమ్ముతున్నవి. మొదటిది ప్రహరీ గోడ గల భవనం. రెండవది నలుగురూ దుకాణాలు పెట్టుకొన్న సంత. భవనంలో భద్రత ఎక్కువ, స్వేచ్ఛ తక్కువ. సంతలో ఎంపిక ఎక్కువ, నాణ్యతలో తారతమ్యమూ ఎక్కువే. మన దేశంలో పది ఫోన్లలో తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్‌వి కావడానికి ముఖ్య కారణం ధర. ఒక కొత్త ఐఫోన్ వెలతో మూడు నాలుగు సాధారణ ఆండ్రాయిడ్ ఫోన్లు వస్తాయి.

ఇక మన లిపుల సంగతి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు ఆ వ్యవస్థలో స్థానం లభించింది. అంతకు ముందు అనేక ఫోన్లలో తెలుగు అక్షరాల చోట ఖాళీ గడులే కనిపించేవి. ఆపిల్ వైపు 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లకు “జ్ఞా” అనే అక్షరం, కంటికి కనిపించని ఒక విభజక చిహ్నంతో కలిసి సందేశంగా వచ్చిన యెడల, దానిని చూపబోయిన అనువర్తనం కుప్పకూలిపోయేది. కొందరు ఆకతాయిలు దానిని ఇతరుల ఫోన్లను స్తంభింపజేసే ఆయుధంగా కూడ వాడుకొన్నారు. జ్ఞానం అనే మాటకు మొదటి అక్షరమే ప్రపంచంలోని అత్యంత ఖరీదైన ఫోన్లను మూర్ఛిల్లజేసింది! ఆ నెల 19వ తేదీన విడుదలైన 11.2.6తో ఆపిల్ ఆ లోపాన్ని సరిదిద్దింది. సరిదిద్దిన వేగం మెచ్చదగినదే. కాని కోట్లమంది మాట్లాడే భాషలోని ఒక సాధారణ సంయుక్తాక్షరం పరీక్షలకు అందకుండా బయటి ప్రపంచానికి ఎట్లు వచ్చినది?

అలాగని ఆపిల్‌ను తూలనాడి, ఆండ్రాయిడ్‌కు పట్టం కట్టడం న్యాయం కాదు. ఉర్దూ విషయంలో త్రాసు వేరుగా మొగ్గింది. ఉర్దూకు ప్రాణం నస్తాలీఖ్ లిపి. పదంలోని అక్షరాలు కుడివైపు పైనుండి ఎడమవైపు క్రిందికి వాలుగా జారుతూ సాగుతాయి. అరబ్బీ ముద్రణకు వాడే నస్ఖ్ లిపి సరళ రేఖపై నడుస్తుంది, యంత్రానికి సులభం. అందువల్ల చాలాకాలం ఫోన్లలో ఉర్దూ నస్ఖ్ వేషంలోనే కనిపించింది. నస్తాలీఖ్‌కు అలవాటుపడిన కన్ను దానిని చదవగలదు గాని సేదతీరదు. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్‌లో ఉర్దూకు నస్తాలీఖ్ రూపం వచ్చింది. అందుకు ఉపకరించిన నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఖతిని 2014లో ఉచితంగా లోకానికి ఇచ్చినది గూగుల్! ఒకరు చేసిన అక్షరం మరొకరి ఇంట వెలిగింది. పోరు నష్టం, పొందు లాభం అనే మన సామెతకు ఇంతకు మించిన నిదర్శనం వెదుకనక్కరలేదు.

పరివారానికి పూర్తిగా కట్టుబడితే కలిగే చిక్కు మరొకటి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా సామ్‌సంగ్ ట్యాబ్‌లను బైజూస్ పాఠాలతో సహా పంచింది. ఆశయం మంచిదే. కాని బైజూస్ సంస్థ 2024లో దివాలా ప్రక్రియ పాలైంది. పలక విద్యార్థి చేతిలోనే ఉండవచ్చు. రేపు పాఠ్యప్రణాళిక మారినపుడు అందులోని పాఠాన్ని సవరించవలసినది ఎవరు? ఫోన్ల సంస్థలకైనా శాశ్వతత్వం లేదు. బ్లాక్‌బెర్రీ తన పాత ఫోన్ల సేవలను 2022 జనవరి 4న ఆపివేసింది. హైదరాబాదులో 2009లో పుట్టిన సెల్‌కాన్ వంటి స్వదేశీ పేర్లు చైనా సంస్థల ధాటికి వెనుకబడినవి.

రాజ్యాలు కూడ ఈ గోడలను గమనించకపోలేదు. తమ అనువర్తనాల సమూహాన్ని ఫోన్ తయారీదారులపై రుద్దుతున్నదని నిర్ణయించి, మన దేశపు పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2023 మార్చిలో అప్పిలేటు ట్రిబ్యునల్ ఆ జరిమానాను సమర్థించింది. ఐరోపా సమాఖ్య చట్టం ఫలితంగా ఆపిల్ 2023లో ఐఫోన్ 15 నుండి అందరూ వాడే యూఎస్‌బీ-సి తీగకు మారింది. గోడలు దైవనిర్మితాలు కావనీ, గట్టిగా అడిగితే తలుపులు తెరుచుకొంటాయనీ ఇందువల్ల తేలుతున్నది.

ఖరీదైన ఫోన్ ఎక్కువ కాలం మన్నుతుంది గనుక చివరికి అదే చౌక అని కొందరి వాదం. అందులో సత్యం లేకపోలేదు. 2015 నాటి ఐఫోన్ 6ఎస్‌కు ఐఓఎస్ 15 వరకు నూతన రూపాలు అందినవి. కాని 2023, 2024 సంవత్సరాలలో గూగుల్, సామ్‌సంగ్ సంస్థలు తమ మేలిరకం ఫోన్లకు ఏడేళ్ళ హామీ ఇచ్చిన తరువాత ఆ వాదానికి పదును తగ్గింది. మండీబజారులో చిన్న దుకాణం నడిపే తండ్రి రెండేళ్ళ వాయిదాలు కట్టవలసి వచ్చే ఫోన్, ఎన్నేళ్ళు మన్నినా, ఆ ఇంటికి చౌక కాదు.

కళాశాల కార్యవర్గానికి నా విన్నపాలు మూడు. మొదటిది: ట్యాబ్‌లు కొనే సందర్భం వస్తే, సంస్థ పేరును బట్టి గాక పరీక్షను బట్టి కొనండి. ఒక తెలుగు పుట, ఒక ఉర్దూ పుట ఇచ్చి, చదివించి, టైపు చేయించి చూడండి. భద్రతా సవరణలు ఎన్నేళ్ళు వస్తాయో, మరమ్మతు వరంగల్‌లోనే జరుగుతుందో లేదో వ్రాతపూర్వకంగా అడగండి. రెండవది: అధ్యాపకుల పాఠాలన్నీ ఏ ఫోన్‌లోనైనా తెరుచుకొనే యూనికోడ్ అక్షరాలలో, పీడీఎఫ్ రూపంలో ఉండాలి. ముద్రణాలయాలలో అను ఖతులతో కూర్చిన తెలుగు మూలప్రతి, ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ మూలప్రతి ఫోన్‌లో యథాతథంగా తెరుచుకోవు. అవీ ఒక విధమైన ప్రహరీలే. మూడవది: ఫలానా సంస్థ ఫోన్ ఉంటేనే పూర్తి కాగల అభ్యాసాన్ని ఏ విద్యార్థికీ ఇవ్వరాదు.

విద్యార్థులారా! మీ వ్రాతలు, ఛాయాచిత్రాలు, ధ్రువపత్రాలు ఒకే సంస్థ గిడ్డంగిలో ఉంచి నిశ్చింతగా ఉండకండి. మరొకచోట ఒక ప్రతి దాచుకోండి. ఫోన్ మారిన నాడు మీ చదువు మీ వెంట రావలెను గాని, పాత ఫోన్ వెంట పోరాదు. కొనే ముందు దుకాణంలోనే ఒక తెలుగు వాక్యం, ఒక ఉర్దూ వాక్యం వ్రాసి చూడండి. తెలుగు, ఉర్దూ మన కళాశాలకు రెండు కళ్ళు. ఏ పరివారం ఆ రెండు కళ్ళకూ శ్రమ కలిగించదో, ఏ ధర ఇంటికి బరువు కాదో, అదే మీకు ఉత్తమమైన ఫోన్.