గురి నేర్పడం పగ నేర్పడం కాదు

తిరునాళ్లలో బెలూన్లు కొట్టే అంగడి ముందు ఆగని తండ్రి ఉండడు. చెక్కకు వరసలుగా గుచ్చిన రంగు బుడగలు, అరిగిపోయిన గాలి తుపాకీ, గుప్పెడు గుండ్లు. పిల్లను ముందు నిలబెట్టుకుని, దాని చెంపకు తన చెంప ఆనించి, "ఎర్రదాన్ని చూడు, కదలకు" అంటాడు. బుడగ పేలితే ఇద్దరి మొహాలూ వెలిగిపోతాయి. ఆ తండ్రి బిడ్డకు హింస నేర్పుతున్నాడని ఎవరూ అనలేదు.

అదే పనిని పద్ధతిగా చేస్తున్నందుకు ఏడాదిగా నేను మాటలు పడుతున్నాను. నేనూ, పదమూడేళ్ల నా కూతురూ ప్రతి ఆదివారం షూటింగ్ రేంజ్‌కు వెళ్లి పక్కపక్కన నిలబడి ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాం. "ఇంటా వంటా లేని పని. ఆడపిల్ల చేతికి తుపాకీ ఇస్తావా అమ్మాయ్?" అని మా పెద్దత్తయ్య బాధపడింది. బాగా చదువుకున్న స్నేహితురాలు మరోలా అంది: "పిల్లకు ఆయుధం అలవాటైపోతే భయం పోతుంది కదా. ఆ భయం ఉండాల్సిందే కదా." పెద్దత్తయ్యది అలవాటులేనితనం, నెమ్మదిగా పోతుంది. ఈ రెండో మాటకు మాత్రం జవాబు చెప్పాలి. ఇప్పుడు చదువుకున్న ఇళ్లలో చెల్లుబాటవుతున్నది ఇదే.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో 2020 నాటికి పిల్లలు, టీనేజర్ల మరణాలకు తుపాకులే మొదటి కారణమయ్యాయి. అక్కడ ఉంటున్న మనవాళ్లు పిల్లల్ని బడికి పంపుతూ పడే దిగులు నాకు అర్థమవుతుంది. కానీ ఇంట్లో తాళం లేని సొరుగులో, గుండ్లు నింపి, పిల్ల చేతికి అందేలా పెట్టిన తుపాకీ వేరు. రేంజ్‌లో కాల్చే గీత దగ్గర, కోచ్ కళ్ల ముందు, గుండు ఎప్పుడు పెట్టాలో ఒకరు చెబితేగానీ పెట్టని పిస్టల్ వేరు. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని తప్పుపట్టడం చెరువులో ఎవరో మునిగారని పిల్లకు ఈత మాన్పించడమే.

రేంజ్‌లో మా అమ్మాయి చేతికి మొదటి వారాల్లో ఒక్క పెల్లెట్ కూడా ఇవ్వలేదు. ఖాళీ పిస్టల్ ఎత్తడం, దించడం, ట్రిగ్గర్ నొక్కడం, అంతే. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. ఖాళీగా ఉందని అందరికీ తెలిసేలా గొట్టంలోంచి కంటికి కొట్టొచ్చే రంగు తాడు బయటికి కనబడాలి. "స్టాప్" అన్న మాట వినబడితే ఎంత గురి కుదిరినా వేలు బయటికి రావాలి. మొన్న దీపావళికి చుట్టాల పిల్లాడు రీలు తుపాకీ అందరి మొహాలకూ గురిపెట్టి తిరుగుతుంటే, పెద్దవాళ్లమంతా నవ్వుతూ చూస్తున్నాం. మా అమ్మాయి వెళ్లి అరచేత్తో దాని మూతిని నేలవైపు తిప్పింది. "మనుషుల వైపు పెట్టకూడదురా, ఖాళీదైనా సరే" అంది. ఆ పిల్లాడికి ఆ బొమ్మ కొనిచ్చింది మనమే. మనుషుల మీద గురిపెట్టడం ఆటగా నేర్పిందీ మనమే.

ఇక రేంజ్‌లో ఆట లోపల జరిగేది చెప్పాలి, ఎందుకంటే దూరం నుంచి తీర్పు చెప్పేవాళ్లకు తెలియనిది అదే. పది మీటర్ల దూరంలో కాగితం. దాని మధ్య పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు. కిలో బరువున్న పిస్టల్‌ను ఒంటిచేత్తో చాచి పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. కోపంగా ఉంటే ఇంకా వణుకుతుంది. మొదట్లో నేను వణుకు ఆగేదాకా కాచుకునేదాన్ని, అదెప్పుడూ ఆగలేదు. ఆ వణుకును ఒప్పుకుని, దాని మధ్యలోనే వేలిని మెల్లగా వెనక్కి తేవాలన్నారు కోచ్. చూపు కూడా టార్గెట్ మీద కాదు, పిస్టల్ కొసనున్న సైట్ మీద నిలవాలి. టార్గెట్ మసకగానే ఉంటుంది. కావాలనుకున్నదాని మీద కళ్లు పెట్టుకోకుండా చేతిలో ఉన్నదాని మీద ధ్యాస నిలపడం నలభై దాటిన నాకు ఇంకా పూర్తిగా రాలేదు. మా అమ్మాయికి నాకంటే త్వరగా వచ్చింది. ఆవేశంగా వచ్చిన పిల్ల అక్కడ ఒక్క పది కూడా కొట్టలేదు. కసిని పెంచే ఆట ఇలా ఉంటుందా?

ఇంట్లో మా ఇద్దరి మధ్య మాటలన్నీ మార్కులు, ఫోను, టిఫిను బాక్సు. రేంజ్‌లో నేను దానికి సలహా చెప్పకూడదు, నా గీత దగ్గర నా చెయ్యి చూసుకోవాలి. పది గుండ్లయ్యాక కార్డులు పక్కపక్కన పెట్టుకుంటాం. పోయిన వారం దానికి 84, నాకు 71. "అమ్మా, నువ్వు ఊపిరి మరీ ఎక్కువసేపు బిగబట్టావు" అంది. నిజమే. అమ్మ ఓడిపోవడం, ఓడాక మళ్లీ చెయ్యెత్తడం అది వారం వారం చూస్తోంది. నేను మరే విధంగా చూపించగలిగేదాన్ని?

ఈ ఆటను ఒప్పుకునేవాళ్ల మీద కూడా నాకొక అభ్యంతరం ఉంది. హైదరాబాద్ అబ్బాయి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడని, ఈషా సింగ్ పదమూడేళ్లకే 2018లో జాతీయ చాంపియన్ అయి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిందని చెప్పగానే మొహాలు మారతాయి. "అయితే మీ అమ్మాయి కూడా..." అని మొదలుపెడతారు. వాళ్ల కష్టం ముందు చేతులు జోడిస్తాను. కానీ పతకం వస్తే మంచిదీ, రాకపోతే ప్రమాదకరమూ ఏ ఆటైనా ఎలా అవుతుంది? తుపాకీ అదే కదా. నా కూతురు ఒలింపిక్స్‌కు వెళ్లదు. వెళ్లాలని నేను కోరుకోవడం లేదు. మేం ఇష్టంగా ఆడుకుంటున్నాం, అంతే.

ఆయుధం అలవాటైన పిల్లలు మనకు కొత్తా? మన కాలేజీల్లో, హైస్కూళ్లలో ఎన్‌సీసీ పిల్లలు తరాలుగా .22 రైఫిల్ పేలుస్తున్నారు. ఎన్‌సీసీ క్యాంపు నుంచి వచ్చిన మేనమామ, బాబాయి మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకు భయపడి ఎవరం పక్కకు జరగలేదు.

అడగాల్సిన అసలు ప్రశ్నలు వేరే ఉన్నాయి. సీసం పెల్లెట్లు ముట్టుకున్న చేతులతో పిల్లలు బిస్కెట్లు తినకుండా రేంజ్‌లో సబ్బూ నీళ్లూ ఉన్నాయా? పోటీ పిస్టల్ ధర లక్ష దాటుతుంది కాబట్టి, కొనలేని ఇంటి పిల్లలకు అద్దెకిచ్చే పిస్టళ్లు ఎన్ని ఉన్నాయి? జిల్లా కేంద్రంలో ఉండే తల్లీ కూతుళ్లు నేర్చుకోవాలంటే హైదరాబాద్ దాకా రావాలా? వీటి మీద నిలదీయండి, మీ పక్కన నేనూ నిలబడతాను.