ఫోర్టిస్ పేరు తెలుసు, మన ప్రమిద చేసినాయన పేరు?

ఈసారి కూడా దీపావళికి ప్రమిదలు ఆన్‌లైన్‌లోనే తెప్పిద్దామని మన క్లబ్ గ్రూపులో మాటొచ్చింది. నేను వద్దంటున్నా. అచ్చులో పోసినవి కాబట్టి వద్దనడం లేదు. చేతిపని గొప్పది, అచ్చుపని చవకది అనే వాదన రోమన్ మట్టి దీపాల ముందు నిలవదు.

వాళ్ళు పై సగం ఒక అచ్చులో, కింది సగం ఇంకో అచ్చులో నొక్కి అతికించేవాళ్ళు. పైన బిళ్ళ మీద మల్లయోధులు, దేవతలు, జంతువులు. నూనె పొయ్యడానికి చిన్న కన్నం, వత్తికి ముక్కు. రెండు వేల ఏళ్ళ కిందటి మాస్ ప్రొడక్షన్! ఫోర్టిస్ అనే ఆయన దీపం అడుగున తన పేరు ముద్ర వేసేవాడు. ఆ పేరుకి ఎంత గిరాకీ అంటే సామ్రాజ్యమంతా నకళ్ళు తీశారు. కొన్న దీపం మీదే అచ్చు తీస్తే, మట్టి ఎండి కాలేసరికి ముడుచుకుని నకలు కాస్త చిన్నదవుతుంది. నకలుకి నకలు ఇంకా చిన్నది. (మన అసైన్‌మెంట్లలాగే, జెరాక్స్‌కి జెరాక్స్.) 2008లో ఇటలీలోని మోడెనాలో పాత కుండల బట్టీ చెత్తకుప్ప తవ్వితే ఫోర్టిస్ ముద్ర దీపాలు బయటపడ్డాయి.

అంత దూరం ఎందుకు, పాండిచ్చేరి పక్కన అరికమేడులో 1945లో వీలర్ తవ్వినప్పుడు దొరికిన ఇటలీ పళ్ళాల మీద కూడా చేసినవాళ్ళ ముద్రలున్నాయి.

మాది కార్వేటినగరం. కార్తీకంలో స్కంద పుష్కరిణి మెట్ల మీద దీపాలు పెడతాం, తెల్లారి ఊడ్చేస్తాం. సారె మీద తీసి వేలితో మూతి నొక్కిన ప్రమిద మీద ఆ వేలి గుర్తు ఉంటుంది, పేరుండదు. మా సంస్థానంలో పదాలు రాసిన సారంగపాణి పేరు ఊరందరికీ తెలుసు. ఆ సంస్థానానికి ప్రమిదలు చేసిందెవరో ఎవరం చెప్పలేం.

అందుకే నా మాట: మన చుట్టుపక్కల కుమ్మరుల దగ్గరే కొందాం, బేరం ఆడకుండా. మెకానికల్ వాళ్ళు త్రీడీ ప్రింటర్‌లో చిన్న ముద్ర చేసిస్తే పచ్చి మట్టి అడుగున వాళ్ళ పేరు వాళ్ళే వేసుకుంటారు. వద్దంటే వాళ్ళిష్టం. ఆర్డర్ మాత్రం దసరాకి ముందే చెప్పాలి. వాన పట్టుకుంటే ప్రమిదలు ఆరవు, ఆవం పెట్టడమూ కుదరదు.