ఉజ్జాయింపు లెక్కకు చదువెందుకు?

రేపల్లెనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారి కుమార్తె ఇంజనీరింగు ముగించి కంప్యూటరు శాస్త్రమున పరిశోధన చేయ నుత్సహించుచున్నదట. విషయము గ్రాఫులు, ఉజ్జాయింపు పద్ధతులు. "సరియైన సమాధానము రాని లెక్కకు అయిదేండ్ల చదువా?" అని ఇంటి పెద్దలు నవ్వుచున్నారట. ఇతర సోదరీమణులకును పనికివచ్చునని సమాధానము ఇక్కడనే వ్రాయుచున్నాము.

గ్రాఫనగా చుక్కలు, వానిని కలుపు గీతలు. ముగ్గు వేయు చేతికి క్రొత్త గాదు. చుక్కలను ఊళ్లనుకొనుడు, గీతలను దారులనుకొనుడు. తెనాలిలో బయలుదేరి, రేపల్లెలోను బాపట్లలోను బొట్టుపెట్టి పెండ్లికి పిలిచి ఇల్లు చేరవలెను. ఎటు మొదలిడినను దూర మొక్కటే. పిలువవలసిన చోట్లు పదియైనచో చుట్టివచ్చు విధములు 18,14,400. పదునైదైనచో 65,000 కోట్లకు పైమాట! ఎన్ని చోట్లున్నను అతి తక్కువ దూరపు చుట్టును త్వరగా తప్పక చూపు పద్ధతి ఇంతవరకు ఎవ్వరికిని దొరకలేదు.

అట్లని ఉజ్జాయింపనగా నోటికి వచ్చినది చెప్పుట గాదు. తెనాలి జంక్షనునుండి రైలుదారి ఒకటి రేపల్లెకు, ఒకటి బాపట్లకు పోవును. అటులే ఊళ్లన్నిటిని కలుపుటకు చాలినంత, అతి తక్కువ పొడవుగల దారులనే ఎన్నుకొని, ఒక్కొక్కదానిపై పోను రాను రెండుమారులు తిరిగితిమనుకొనుడు. ఉత్తమమైన చుట్టులో ఒక గీత చెరిపినను ఊళ్లన్నియు కలిసియే యుండును గదా! కావున మన మెన్నుకొన్న దారుల మొత్తము ఆ చుట్టునకు మించదు. రెండుమారులు తిరిగినను రెట్టింపు దాటదు. రేపల్లెనుండి తెనాలికి మరలక రోడ్డున నేరుగా బాపట్లకు పోయినచో ఇంకను తగ్గును. ఉత్తమమైన దారి తెలియకయే దానికి రెట్టింపు మించమని హామీ ఇచ్చితిమి, అదియు ఋజువుతో. పెద్దలు నవ్విన విద్య ఇదియే. 1976లో క్రిస్టోఫిడీసు ఈ హామీని ఒకటిన్నర రెట్లకు దించెను. దానిని వెంట్రుకవాసికంటె తక్కువగా దించుటకు 2020 వరకు పట్టినది. దించిన ముగ్గురిలో అన్నా కార్లిన్ అను విదుషీమణి యున్నది.

జీవనోపాధి మాటయా? చంద్ర చేకూరిగారిని చూడుడు. మద్రాసు ఐ.ఐ.టి.లో 1993లో పట్టము. 1998లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు, అదియు ఉజ్జాయింపు పద్ధతులపైననే. పిదప 2006 వరకు బెల్ ప్రయోగశాలలో ఉద్యోగము. టెలిఫోనుల వారికి ఈ విద్య ఏల యందురేమో, తంతుల వల సైతము గ్రాఫే గదా! ఆ తరువాత ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. 2017లో కెంట్ క్వాన్రడ్‌తో కూడి మన పిలుపుల లెక్కనే ముట్టుకొనిరి: చుట్టు ఇంతకంటె తగ్గజాలదను ఒక కొలతను మిక్కిలి వేగముగా, దాదాపు సరిగా కట్టు మార్గమును చూపిరి.

సోదరీ, దూరదేశమే పోనక్కరలేదు. ఐ.ఐ.టి.లలోను, చెన్నైలోని గణితశాస్త్ర సంస్థలోను ఈ పరిశోధన జరుగుచున్నది. పరిశోధకులకు నెలనెల ఫెలోషిప్పు ముట్టును. పెద్దలకు మాత్రము పదునైదు ఇండ్ల పిలుపుల జాబితా నిచ్చి, అతి తక్కువ దారి ఏదియో తేల్చుమనుడు. వారు తేల్చునంతలో అమ్మాయి దరఖాస్తు పంపుకొనవచ్చును.