నారు ముదరబెట్టకండి



ఈసారి రాసేది కొంచెం ఘాటుగానే ఉంటుంది. నచ్చకపోతే తిట్టండి. కానీ చివరిదాకా చదివి తిట్టండి.

సంక్రాంతి వెళ్ళిందంటే మన ఊళ్ళలోకి కార్పొరేట్ జూనియర్ కాలేజీల పీఆర్వోలు దిగుతారు. పిల్లోడు పదో తరగతి పరీక్ష ఇంకా రాయనే లేదు, ఈయన వచ్చి అరుగు మీద కూర్చుని "ఇప్పుడైతే కన్సెషన్ ఉందండి, తర్వాత ఉండదు" అంటాడు. ధాన్యం కొనేవాడు కనీసం తేమ చూసి కాటా పెడతాడు. ఈయన అదీ లేదు. అడ్వాన్సు జేబులో వేసుకుని వెళ్ళిపోతాడు. మనం ఎరువుల కొట్లో యాభై రూపాయల కోసం బేరమాడతాం గానీ, ఈయన దగ్గర నోరెత్తం.

నేనూ ఎత్తలేదు. అందుకే రాస్తున్నా.

మా పెద్దోడు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాడు. పదిలో 9.7 వచ్చింది. హెడ్మాస్టారు రెండుసార్లు ఇంటికొచ్చి "ఏవండీ, నూజివీడు ట్రిపుల్ ఐటీకి అప్లికేషన్ పెట్టండి, ఖర్చేం లేదు" అన్నారు. నేను వినలేదు. గవర్నమెంటు చదువు ఏం చదువులే అనుకున్నా. అరెకరం తాకట్టు పెట్టి, ఏడాదికి లక్షన్నర కట్టి, ఊరికి దూరంగా ఒక హాస్టల్లో పడేశా. తెల్లారగట్ట అయిదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా బిట్లు, బిట్లు, బిట్లు. రెండో ఏడు దీపావళికి ఇంటికొచ్చినోడు మళ్ళీ వెళ్ళనని గడ్డివాము వెనక కూర్చుని ఏడ్చాడు. బతిమాలి పంపా. ర్యాంకు రాలేదు. ఇప్పుడు చేపల మేత కంపెనీలో పని చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ ఈనాటికీ పుస్తకం చూస్తే పక్కకి జరుగుతాడు. అది నేను కొనిచ్చిన జబ్బు.

అదే ఏడు, అదే బడిలో, వీడికంటే తక్కువ వచ్చిన మా తమ్ముడి కూతురికి నూజివీడులో సీటొచ్చింది. ప్రభుత్వ బడి పిల్లలకి అప్పట్లో 0.4 పాయింట్లు కలిపేవారు. ఆ పిల్ల ఆరేళ్ళూ అక్కడే చదివి ఇంజనీరై బయటికొచ్చింది.

ఇప్పుడు అసలు మాట. సార్వాకి నారు పోస్తాం. పాతిక, ముప్పై రోజుల్లో ఊడ్పు పడాలి. కాలవ నీళ్ళు ఆలస్యమై నలభై అయిదు రోజుల నారు నాటితే ఏమవుద్దో మీకు చెప్పాలా? పిలకలెయ్యదు. తర్వాత ఎంత యూరియా గుమ్మరించినా ఆ దుబ్బు అంతే. పది పాసైన పిల్లోడు ఊడ్పుకొచ్చిన నారు. వాణ్ణి కాలేజీ చేలో నాటాల్సిన టైములో, ఇంకో రెండేళ్ళు ఇరుకు మడిలో ఉంచి అవే లెక్కలు వందసార్లు చేయిస్తున్నాం.

ఈ మాట అంటే కైకలూరు వైపు చెరువుల రైతు ఒకాయన నన్ను నిలదీశాడు. "మేం చేపపిల్లని ఒత్తుగా పోసి, మేత తగ్గించి, ఏడాది గిడసబారుస్తాం. తర్వాత పెద్ద చెరువులో వదిలితే దూసుకు పెరుగుద్ది. పిల్లలూ అంతే బావా" అన్నాడు. నిజమే, చేప పెరుగుద్ది. కానీ బావా, దాన్ని పెంచేది ఇరుకు కాదు, తర్వాత నువ్విచ్చిన పెద్ద చెరువూ మేతాను. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పెద్ద చెరువు దొరుకుతోంది? మిగతావాళ్ళు గిడసబారే ఉండిపోతున్నారు.

నూజివీడు సంగతి తెలియనోళ్ళ కోసం చెప్తా. 2008లో ప్రభుత్వం చట్టం చేసి ఆర్‌జీయూకేటీ పెట్టింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర మొదటి మూడూ. శ్రీకాకుళం, ఒంగోలు తర్వాత వచ్చాయి. పది మార్కుల మీదే సీటు, ఎంట్రన్సు లేదు. మొదటి రెండేళ్ళు పీయూసీ, తర్వాత నాలుగేళ్ళు బీటెక్, అంతా ఒకే చోట. పదిహేనేళ్ళ పిల్ల మొదటి రోజు నుంచే సెమిస్టర్లు, క్రెడిట్లు, కంప్యూటరు, యూనివర్సిటీ ల్యాబు చూస్తుంది. దానికి మొదటి ఛాన్సలర్ ప్రొఫెసర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెటూర్లో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన. పల్లెటూరి పిల్లలకి తెలివి తక్కువని ఆయన దగ్గర అనగలరా?

లెక్క మాత్రం నిజాయితీగా చెప్పుకుందాం. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, మొత్తం ఆరేళ్ళు. నూజివీడూ ఆరేళ్ళే. ఏళ్ళు మిగలవు. మిగిలేది మధ్యలో వచ్చే ఈఏపీసెట్ గండం, కోచింగు ఖర్చు, పిల్లోడి గుండె.

సీట్లు కొన్నే కదా అంటారు. ఒప్పుకుంటా. కానీ దారి అదొక్కటే కాదు. పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. అదీ ఆరేళ్ళే, కానీ పద్దెనిమిదేళ్ళకే చేతిలో ఒక పనీ, ఒక సర్టిఫికెట్టూ ఉంటాయి. వ్యవసాయ పాలిటెక్నిక్ అయితే రెండేళ్ళే, తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కి పోవచ్చు. మన తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, పది తర్వాత ఉద్యాన డిప్లొమా ఉంది. 2019లో గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ, ఉద్యాన సహాయకుల పోస్టులు వేసినప్పుడు డిప్లొమా ఉన్నోళ్ళూ అర్హులే. మనకి తెగులు మందు చెప్పే ఉద్యోగానికి మన పిల్లోడు పనికిరాడా?

ఇది కొత్త విడ్డూరమూ కాదు. ఇంటర్ బోర్డు లేని రోజుల్లో ఎస్సెస్సెల్సీ అవగానే పీయూసీకి డిగ్రీ కాలేజీకే వెళ్ళేవారు. మా పెదనాన్న ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీలో అలా చదివినాయనే. బీయస్సీ వాళ్ళు తిరిగే ల్యాబులోనే తిరిగానని చచ్చేదాకా చెప్పుకున్నాడు. ఇప్పుడు అమెరికాలో ఉన్న మనోళ్ళ పిల్లలు హైస్కూల్లో ఉండగానే దగ్గర్లోని కాలేజీలో ఒకటో రెండో సబ్జెక్టులు చదువుతారు. ఆ క్రెడిట్లు రెండు చోట్లా లెక్కకొస్తాయి. మన తాతల కాలంలో ఉన్నదీ, వాళ్ళకి ఇప్పుడున్నదీ మధ్యలో మన పిల్లలకి మాత్రం ఎందుకు లేదు?

అందరికీ ఇదే మందని నేననను. డాక్టరు కావాలనుకునే పిల్ల బైపీసీ ఇంటరే చదవాలి. పదిహేనేళ్ళకే ఇల్లు విడిచి ఉండలేని పిల్లలుంటారు, ఎంత మంచి చోటైనా బెంగపెట్టుకుంటారు. వాళ్ళని బలవంతాన పంపొద్దు. పంపినోళ్ళు కూడా నెలకోసారి వెళ్ళి మొహం చూసి రండి. ఫోన్లో "బానే ఉన్నా నాన్నా" అన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. అది నాకు బాగా తెలుసు.

కానీ ఇంటి దగ్గరే ఉండి చదివే పిల్లలకైనా కాలేజీ గేటు తెరవొచ్చు కదా? గూడెంలో నిట్ 2015లో వచ్చింది. ఏలూరులో డిగ్రీ కాలేజీలున్నాయి. వెంకట్రామన్నగూడెం ఉండనే ఉంది. శనివారం శనివారం తొమ్మిది, పది, ఇంటర్ పిల్లల్ని రానిచ్చి ఒక్క సబ్జెక్టు, ఒక్క ల్యాబు చూపించి, పాసైతే ఆ క్రెడిట్టు రాసిపెడితే ఎవరి సొమ్ము పోతుంది? 2020 జాతీయ విద్యా విధానం క్రెడిట్ల బ్యాంకు గురించి చెప్పింది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం బడి చదువునీ అందులో కలిపింది. కాగితం మీద ఉన్నది మా ఊరి బడి దాకా ఇంకా రాలేదు. కాలవ శివారు భూమికి నీళ్ళు రానట్టే. శివారు రైతు గట్టు మీద నిలబడి అరిస్తేనే నీళ్ళొస్తాయి, ఇదీ అంతే.

అందాకా మనం చేయగలిగింది మూడు పనులు. ఒకటి, పీఆర్వో అరుగెక్కితే మంచినీళ్ళిచ్చి పంపండి, ఫలితాలొచ్చేదాకా రూపాయి ఇవ్వకండి. రెండు, హెడ్మాస్టారి దగ్గరికి మీరే వెళ్ళి ట్రిపుల్ ఐటీ, పాలిసెట్, వ్యవసాయ, ఉద్యాన డిప్లొమాలకి అప్లికేషన్లు పెట్టించండి. పెట్టినంత మాత్రాన చేరిపోనక్కర్లేదు. మూడు, ఐఐటీ మాస్టార్ల పాఠాలు స్వయం, ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి, పరీక్షకే ఫీజు. ఆసక్తి ఉన్న ఇంటర్ పిల్లోడికి ఒక్కటి చూపించండి.

మా చిన్నది ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న ఆ పీఆర్వోనే మళ్ళీ వచ్చాడు, నన్ను గుర్తుపట్టలేదు. మా పెద్దోడే ఎదురెళ్ళి "మా చెల్లి సంగతి మేం చూసుకుంటామండి" అని గేటు దాకా సాగనంపాడు. నేను లోపలే కూర్చున్నా. బయటికి రావడానికి మొహం చెల్లలేదు.

మీకు ఆ పరిస్థితి రాకూడదు. అదన్నమాట. ఉంటానండి.