పాత రందా, కొత్త బ్లేడు

మా రాంనగర్ వడ్రంగి ఒకాయన, తలుపు చట్రానికి గాడి తీసే తండ్రినాటి రందాను పాత ఇనుముకు వేయబోయాడు. "బ్లేడు విరిగింది సారూ, కొత్తది కూసుంటలేదు" అన్నాడు.

తగువు కొలతలది. పాతవి అంగుళాల బ్లేడ్లు. మన మెట్రిక్ చట్టం 1956లో వచ్చింది. పావంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ పలక 6 మిల్లీమీటర్ల గాడిలో దూరదు.

పోనీ, వెడల్పు కలిసినా చాలదు. మందం, అంచున గాటు, అడుగు పట్టీమీద కూర్చునే తీరు కూడా కుదరాలి. గణాలు సరిపోయినా యతి తప్పితే పద్యమవుతుందా?

కాబట్టి జుమ్మెరాత్ బజారుకు వెళ్ళేవారు రందాను వెంట తీసుకెళ్ళాలి. సరైనది లేకపోతే కాస్త వెడల్పైనది కొని, నీళ్ళలో ముంచుతూ పక్కలు సాన పట్టించాలి. బాగా వేడెక్కితే పదును నిలవదు. ఇరుకుదాన్ని వెడల్పు చేయడం మాత్రం బ్రహ్మతరం కాదు!

మీ అటకమీదా ఇలాంటిదుంటే, తూకానికి వేసేముందు ఒక్కసారి కొలవండి.