మౌనానికీ జవాబుదారీతనం ఉండాలి

పదవీ విరమణ తరువాత, ఉద్యోగ దరఖాస్తులు నింపడంలో యువకులకు సాయపడటం నాకు నిత్యకృత్యమైంది. ఇటీవల నాగారంలోని మా వీధి అబ్బాయి ఒకడు అసర్ నమాజు తరువాత నా వద్దకు వచ్చి, "చాచా, లేదని చెప్పినా బాగుండేది" అన్నాడు.

అతడు బి.కాం. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ట్యాలీ వచ్చు. నాచారం పారిశ్రామికవాడలోని ఒక సంస్థ లెక్కల విభాగంలో ఉద్యోగానికంటూ నెలన్నరలో నాలుగుసార్లు అతడిని పిలిపించింది. రెండుసార్లు గంటల తరబడి కూర్చోబెట్టి, "సారు రాలేదు, రేపు రండి" అని పంపించారు. జీఎస్టీ రిటర్నుల గురించి అడిగింది ఒకే ప్రశ్న. శుక్రవారం మధ్యాహ్నం సెలవు అడుగుతావా, ఇంట్లో ఎంతమంది ఉంటారు అన్నవే ఎక్కువ. "రెండు రోజుల్లో ఫోన్ చేస్తాం" అన్న మాటకు రెండు నెలలు నిండాయి.

అతడు మతం వల్లనే ఉద్యోగం పోగొట్టుకున్నాడని నేను అనను. అందుకు ఆధారం లేదు. అతడితో పాటు వెళ్లిన ఉప్పల్ మిత్రుడు హిందువే. ఆ అబ్బాయికీ జవాబు రాలేదు. అయితే కారణం చెప్పనవసరం లేని చోట న్యాయమైన తిరస్కారానికీ, వివక్షకూ తేడా ఎవరు కనిపెట్టగలరు? అసలు సమస్య ఇదే.

ఈ అనుమానం నిరాధారమైనది కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ పత్రికా ప్రకటనలకు సమాన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపి, ఫలితాలను 2007లో ప్రచురించారు. అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే అనుకూలతను 1గా తీసుకుంటే, దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. అది మౌఖిక పరీక్ష గది తలుపు తెరుచుకోక ముందటి మాట.

మౌఖిక పరీక్షలో ఇష్టాయిష్టాలకు తావుందని ప్రభుత్వాలే గుర్తించాయి. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గ్రూప్-బి నాన్ గెజిటెడ్ నియామకాల్లో దానిని తొలగించింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు తొలగించింది. ప్రభుత్వోద్యోగాల్లో మత వివక్షను రాజ్యాంగం 16వ అధికరణం నిషేధించింది. ప్రైవేటు సంస్థలకు ఆ అధికరణం వర్తించదు. ఈ లోటు తీర్చేందుకే సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్‌ను సిఫారసు చేసింది. మాధవ మీనన్ అధ్యక్షతన నిపుణుల బృందం 2008లో నివేదిక సమర్పించింది. అది నేటికీ చట్టం కాలేదు.

నేను గుమాస్తాగా పనిచేసిన కాలంలో ఎంత పేదవాడి అర్జీ అయినా ఇన్‌వార్డు రిజిస్టరులో నమోదయ్యేది, దానికొక నంబరు పడేది. జాప్యం లేదనను. కాని ఆ నంబరు పట్టుకుని అడిగే హక్కు అర్జీదారుకు ఉండేది. ప్రైవేటు సంస్థల నుంచి కోరుతున్నదీ అంతే. ఎన్ని దశలుంటాయో ముందే చెప్పాలి. పనికి సంబంధించినవే అడగాలి. నిర్ణీత గడువులోగా అవుననో కాదనో, కాదంటే ఎందుకో రాతపూర్వకంగా తెలియజేయాలి. దీనికి చట్టబద్ధత కల్పించమని మన సంఘాలు ప్రజాప్రతినిధులను అడగాలి.

మన యువకులు కూడా ప్రతి పిలుపు తేదీని, అడిగిన ప్రశ్నలను రాసి పెట్టుకోవాలి. రేపు ఫిర్యాదు వినే వ్యవస్థ ఏర్పడితే ఆ కాగితమే సాక్ష్యం. మనవారు నడిపే బడుల్లో, దుకాణాల్లో సైతం దరఖాస్తుదారుకు జవాబిచ్చే మర్యాద పాటిస్తున్నామా అని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. మనం పాటించనిది ఇతరులను అడగలేము.

ఉద్యోగం ఇవ్వడం యజమాని ఇష్టం కావచ్చు. జవాబు పొందడం మాత్రం అభ్యర్థి హక్కు కావాలి.